హాగ్లీ నివాస పరిశోధక ఫెలోషిప్‌లు

వ్యాపార చరిత్ర, ఆర్థిక చరిత్ర రంగాల్లో పరిశోధన చేసేవారికి అమెరికాలోని హాగ్లీ మ్యూజియం, గ్రంథాలయం ఇచ్చే ఆర్థిక సహాయాలను హాగ్లీ ఫెలోషిప్‌లు అంటారు. ఈ సంస్థ డెలావేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్ నగరం దగ్గర, బ్రాండీవైన్ నది ఒడ్డున సుమారు 235 ఎకరాల్లో ఉంది. పరిశోధకులు వారం మొదలుకొని కొన్ని నెలల వరకు అక్కడే మకాం వేసి, కంపెనీల పాత ఉత్తరాలు, బోర్డు సమావేశాల మినిట్స్, ఖాతా పుస్తకాలు చదువుకోవచ్చు.

ఈ ఆవరణ ఒకప్పుడు తుపాకిమందు కర్మాగారం. ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ఎలుతేర్ ఇరెనే డ్యూపాంట్ 1802లో దీన్ని మొదలుపెట్టాడు. మందు నూరే మిల్లులకు మూడు వైపులా దళసరి రాతిగోడలు కట్టి, నదివైపు గోడను, పైకప్పును తేలికగా వదిలేశారు. పేలుడు జరిగితే దాని ఊపు నీటి మీదికి పోవాలని ఈ ఏర్పాటు. ఆ గోడలు నేటికీ నిలిచే ఉన్నాయి. మందుకు కావలసిన సురేకారం చాలాకాలం భారతదేశం నుంచే, ముఖ్యంగా బీహార్ ప్రాంతం నుంచి కలకత్తా రేవు మీదుగా వచ్చేది. 1857లో లామోట్ డ్యూపాంట్ దక్షిణ అమెరికా సోడియం నైట్రేట్‌తో గనుల్లో వాడే పేలుడుమందు తయారుచేసే పద్ధతికి పేటెంట్ పొందాక, ఆ రకం మందుకు మన సురేకారంతో పని లేకపోయింది. మిల్లులు 1921లో మూతపడ్డాయి. డ్యూపాంట్ కంపెనీ నూటయాభయ్యేళ్ల సందర్భంగా 1952లో ఏర్పడిన ఫౌండేషన్ 1957లో మ్యూజియం తెరిచింది. పియర్ ఎస్. డ్యూపాంట్ సేకరించిన లాంగ్‌వుడ్ గ్రంథాలయం 1961లో దీనితో కలిసింది. ఫెలోషిప్‌లను నడిపే వ్యాపార, సాంకేతిక, సమాజ చరిత్ర కేంద్రం 1984లో ప్రారంభమైంది.

ఇక్కడి దస్తావేజులు డ్యూపాంట్ కంపెనీవి మాత్రమే కావు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రికార్డుల్లో పెద్ద భాగం ఇక్కడికే చేరింది. ఆ కంపెనీ వారసత్వ సంస్థ పెన్ సెంట్రల్ 1970లో దివాలా తీశాక, దాని కాగితాలను పలు భాండాగారాలు పంచుకున్నాయి. స్పెర్రీ కంపెనీ, సన్ ఆయిల్, జాతీయ ఉత్పత్తిదారుల సంఘం, అమెరికా వాణిజ్య మండలి రికార్డులు, కొనుగోలుదారుల మనస్తత్వాన్ని శోధించిన ఎర్నెస్ట్ డిక్టర్ పత్రాలు కూడా ఇక్కడ ఉన్నాయి.

ఇలాంటి చోట దగ్గరుండి చదవడానికి ప్రత్యామ్నాయం లేదు. ఒక అట్టపెట్టె నిండా ఉన్న కాగితాలను సూచికలో తరచు ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. రైల్వే అధ్యక్షుడు రాసిన లేఖ నకలు ఒక పెట్టెలో దొరికితే, దానికి వచ్చిన జవాబు ఇంజనీరింగ్ విభాగం పెట్టెలోనో, న్యాయ సలహాదారు ఫైల్లోనో ఉండవచ్చు. ఒక ఫోల్డర్ తీసి, వరస చెడకుండా చూసి, తిరిగి పెట్టి, తర్వాతిది తీయాలి. ఏ విభాగం ఏ ఫైలును ఎలా దాచుకునేదో అంతుపట్టడానికే రోజులు పడతాయి. అసలు దొరకవలసింది ఆ తర్వాతే దొరుకుతుంది. రెండు రోజులు వచ్చి ఫొటోలు తీసుకుని పోయేవారికి, అడగాలని ముందే తెలిసిన ప్రశ్నలకు మాత్రమే జవాబులు దొరుకుతాయి. ఇంటద్దె, తిండి ఖర్చు భరించలేని పరిశోధక విద్యార్థికి వసతితో కూడిన ఫెలోషిప్ ఇచ్చే అసలైన మేలు ఈ తీరికే.

సహాయాల్లో పేరుపడినవి డ్యూపాంట్ కంపెనీ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన హెన్రీ బెలిన్ డ్యూపాంట్ పేరిట ఉన్నవి. సిద్ధాంత వ్యాసం రాస్తున్నవారికి నాలుగు నెలల ఫెలోషిప్ ఉంది. భత్యంతో పాటు ఆవరణలోనే ఉచిత నివాసం, పనిచేసుకోవడానికి గది ఇస్తారు. ఎనిమిది వారాలు మించని పరిశోధన గ్రాంట్లకు ఆచార్యులూ, విద్యార్థులూ, ఏ విశ్వవిద్యాలయానికీ చెందని స్వతంత్ర పరిశోధకులూ అర్హులే. తమకు పనికొచ్చే సామగ్రి ఉందో లేదో చూసుకోదలచినవారికి వారం రోజుల అన్వేషణ గ్రాంటు ఉంది. డాక్టరేట్ పూర్తయినవారి కోసం అమెరికా మానవీయ శాస్త్రాల జాతీయ నిధి తోడ్పాటుతో దీర్ఘకాల ఫెలోషిప్ కూడా ఏర్పడింది.

ఒక కంపెనీ కుటుంబం సొమ్ముతో పుట్టిన సంస్థ ఆ కంపెనీని పొగిడే చరిత్రలకే చోటిస్తుందన్న అనుమానం సహజం. ఇక్కడి కాగితాల ఆధారంగా వచ్చిన పుస్తకాలను చూస్తే ఆ అనుమానం నిలవదు. ఆల్ఫ్రెడ్ చాండ్లర్, స్టీఫెన్ సాల్స్‌బరీ 1971లో పియర్ డ్యూపాంట్ జీవితం ద్వారా ఆధునిక కార్పొరేషన్ పుట్టుకను వివరించారు. డేవిడ్ హౌన్‌షెల్, జాన్ కెన్లీ స్మిత్ 1988లో డ్యూపాంట్ ప్రయోగశాలల చరిత్ర రాశారు. కిమ్ ఫిలిప్స్-ఫైన్ 2009లో ప్రచురించిన పుస్తకం వాటికి పూర్తిగా భిన్నమైనది. అమెరికా ప్రభుత్వం తెచ్చిన న్యూ డీల్ ఆర్థిక సంస్కరణలను వ్యాపారవేత్తలు సంఘటితంగా ఎలా ఎదిరించారో అది విమర్శనాత్మకంగా చెబుతుంది. దానికి ఆధారమైన పత్రాల్లో డ్యూపాంట్ మాజీ ఉపాధ్యక్షుడు జాస్పర్ క్రేన్ ఉత్తరాలు ఉన్నాయి. ఆర్థికవేత్త హాయెక్ 1947లో నెలకొల్పిన, స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే మాంట్ పెలరిన్ సొసైటీకి అమెరికా వ్యాపార వర్గాల నుంచి విరాళాలు పోగుచేసినవారిలో క్రేన్ ఒకరు.