కృష్ణ ఒడ్డున ఒక పేరు, ఇంకా రాయని పేర్లు

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం తొలి యూనిట్ స్వర్ణోత్సవానికి ఇక ఎన్నో ఏళ్లు లేవు. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే దూరమవుతున్నారు కాబట్టి, ఇప్పుడే రాసిపెట్టమని సంచిక కమిటీ వారు అడిగారు. 

మన కేంద్రానికి డాక్టర్ నార్ల తాతారావు గారి పేరు పెట్టుకున్నాం. ఒక విద్యుత్ ఇంజనీరు జీవితకాలపు కృషికి ఇంతకన్నా తగిన గౌరవం లేదు. పతకమైతే బీరువాలో ఉంటుంది. ఈ పేరు మాత్రం లోడ్ డిస్పాచ్ సెంటర్ లెక్కల్లో ప్రతిరోజూ ఎక్కుతుంది. 1917లో కృష్ణా జిల్లా కౌతవరంలో పుట్టిన ఆయన, 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డుకు డెబ్బైల నడిమి నుంచి 1988 దాకా ఛైర్మన్‌గా ఉన్నారు. 1983లో పద్మశ్రీ వచ్చింది. దిగువ సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం యంత్రాలు తిరగడం మొదలైంది ఆ కాలంలోనే. బోర్డు అంటే ఆయనే అనుకున్న తరం మాది.

వాన ముఖం చాటేస్తే జలవిద్యుత్తు తగ్గిపోతుంది. అందుకే బొగ్గు కేంద్రం కావాల్సి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండుగా నిలిచే కృష్ణ నీళ్లు, సింగరేణి బొగ్గు దిగడానికి కొండపల్లి మీదుగా పోయే రైలు మార్గం, పక్కనే విజయవాడ లోడు. మూడూ ఒక్కచోట కుదిరిన స్థలం ఇది. నేను కొత్త అసిస్టెంట్ ఇంజనీరుగా నిర్మాణంలో చేరేటప్పటికి బాయిలర్ ఉక్కు ఇంకా సగమే లేచింది. మా సూపరింటెండింగ్ ఇంజనీరు గారు మాట తక్కువ మనిషి. వెల్డింగు అతుకు దగ్గర వంగి కూర్చుని, వేలితో తడిమి చూసేవారు. బాగుంటే లేచి వెళ్లిపోయేవారు. ఆ మౌనమే మాకు మెచ్చుకోలు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి రాయకుండా ఈ చరిత్ర ముందుకు సాగదు. దివిసీమ సముద్రం పాలైంది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు వేలల్లో ఉన్నారు. లైన్ల పునరుద్ధరణకు ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని పంపితే, మాలో కొందరం అవనిగడ్డ వైపు వెళ్లాం. స్తంభాలు విరిగి, తీగలు చెట్లకు చుట్టుకుని ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఉప్పునీళ్లు చేరాయి. స్తంభం నాటుదామని గొయ్యి తవ్వితే బురద మళ్లీ పూడ్చేసేది. నిలబెట్టినచోటా ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుపోయి ఉండేది. ఉప్పు పొరకు మంచు తేమ తగిలితే కరెంటు పైపైనే పాకి ఫ్లాష్ అవుతుంది. లైన్ చార్జ్ చేసే ముందు ఒక్కొక్కదాన్నీ మంచినీళ్లతో కడిగి తుడవాలి. తాగడానికే మంచినీళ్లు కరువైన చోట ఆ పని చేశారు లైన్‌మన్లు, హెల్పర్లు. వాళ్లలో కొందరి సొంత ఊళ్లు ఆ ఉప్పెనలోనే కొట్టుకుపోయాయి. లైన్ క్లియర్ తీసుకుని, ఎర్త్ వేసి, స్తంభం ఎక్కారు. దిగాక తమవాళ్లను వెతుక్కోవడానికి వెళ్లారు.

తిరిగి వచ్చి మళ్లీ బాయిలర్ పనిలో పడ్డాం. 1979లో తొలి 210 మెగావాట్ల యూనిట్ నడిచింది. టర్బైన్ నిమిషానికి మూడు వేల చుట్లు అందుకుని, గ్రిడ్‌తో లయ కలిసి, బ్రేకర్ క్లోజైన క్షణాన కంట్రోల్ రూములో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతే ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. 1980లో రెండోది వచ్చింది. 1995 నాటికి ఆరు యూనిట్లయ్యాయి, 1999లో బోర్డు విడిపోయింది, 2009లో 500 మెగావాట్లు, 2023లో 800 మెగావాట్లు చేరాయి.

ఉత్పత్తిలో మెరుగైన కేంద్రంగా మనకు కేంద్ర ప్రభుత్వ అవార్డులు వచ్చాయి. గర్వపడ్డాం, పడాల్సిందే. అయితే ఒక మాట చాలాకాలంగా నా లోపలే ఉంది. అవార్డు ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్‌ను కొలుస్తుంది, బురదలో నాటిన స్తంభాలను కొలిచే అంకె లేదు. ఒక సన్మాన సభలో నన్ను పిలిచి శాలువా కప్పారు. దివిసీమలో నాతో ఉన్న లైన్‌మన్ వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అతని పేరు ఆ ఆహ్వానపత్రంలో లేదు, ఆ తర్వాత అచ్చయిన ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. తాతారావు గారి పేరు ఉండాల్సిన చోటే ఉంది. ఆ పేరు కింద మరో పలక ఎందుకు లేదన్నదే నా బాధ.

ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జూపూడి, గుంటుపల్లి ఊళ్ల నుంచి వచ్చి పనిచేసిన కూలీలకు, రాత్రి షిఫ్టుల్లో కోల్ ప్లాంట్ నడిపినవారికి, యాష్ హ్యాండ్లింగ్ సిబ్బందికి, వెల్డర్లకు, ఫోర్‌మన్లకు, కెమిస్టులకు, క్యాంటీన్ వంటవారికి, పరికరాలు బిగించిన బీహెచ్ఈఎల్ మిత్రులకు నా నమస్కారాలు. దివిసీమకు వెళ్లినవారి పేర్లు, ఊళ్లు, హోదాలు పోగుచేస్తున్నాను. మీ ఇంట్లో పాత డ్యూటీ కాగితమో, గ్రూప్ ఫోటోనో ఉంటే కమిటీకి అందజేయండి. ఈసారి ఆ పట్టికను మొదటి పుటల్లోనే వేయాలని కమిటీని కోరాను.