గుంటూరు సూర్యగ్రహణం (1868)

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ కృష్ణా డెల్టా మీదుగా సాగినప్పుడు గుంటూరు, మచిలీపట్నాలలో జరిగిన పరిశీలనలు, మనిషి చేరలేని దూరాలలోని జ్యోతుల స్వభావాన్ని వాటి వెలుగును బట్టే తెలుసుకునే విద్యను ఒక పెద్ద మలుపు తిప్పాయి. అప్పటికి గుంటూరు విడి జిల్లా కాదు. 1859 నుండి 1904 వరకు అది మచిలీపట్నం ముఖ్యస్థానంగా ఉన్న కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది.

ఈ విద్యకు ఆధారం వర్ణపటదర్శిని, అంటే వెలుగును పట్టకం గుండా పంపి రంగులుగా విడదీసే పరికరం. వేడెక్కి వెలిగే ప్రతి మూలకం ఆ రంగుల పట్టీలో తనకే ప్రత్యేకమైన గీతలను చూపుతుందని జర్మనీ శాస్త్రజ్ఞులు కిర్కాఫ్, బున్‌సెన్ నిరూపించి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియరీ జాన్సెన్ ఈ పరికరంతో గుంటూరు వచ్చి, ఐదు నిమిషాలకు పైగా నిలిచిన చీకటిలో సూర్యుని అంచున ఎగసే సౌరజ్వాలలను పరిశీలించి, వాటి వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు ప్రకాశవంతంగా ఉండడం వల్ల అవి ప్రధానంగా వేడి హైడ్రోజన్ వాయువని గ్రహించాడు. అంత ప్రకాశమున్న గీతలు గ్రహణం లేనప్పుడు కూడా కనబడాలని ఊహించి, మరునాడే పట్టపగలు వాటిని చూడగలిగాడు. ఆకాశంలో చెదిరిన సూర్యకాంతిలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి గనుక పట్టకం దానిని విశాలంగా పరచి పలచబరుస్తుంది. జ్వాలల వెలుగు మాత్రం కొన్ని సన్నని గీతలలోనే ఉంటుంది గనుక చెదరక నిలుస్తుంది. ఇదే ఆ పద్ధతిలోని కిటుకు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా ఈ పద్ధతిని సాధించాడు.

హీలియం అనే మూలకాన్ని గుంటూరులోనే కనుగొన్నారన్న మాట తరచుగా వినబడుతుంది గాని, అది పూర్తిగా సరికాదు. సోడియం గీతలకు దగ్గరగా, వాటితో కలవని పసుపు గీతను కొత్త మూలకానికి గుర్తుగా భావించినవాడు లాకియర్. గ్రీకులో సూర్యుడనే అర్థం గల మాట నుండి హీలియం అనే పేరు వచ్చింది. భూమిపై దానిని 1895లో విలియం రామ్సే కనుగొన్నాడు. గుంటూరుకు దక్కవలసిన గౌరవం, గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుని చదివే మార్గం తెరిచినందుకు. అది ఒక వాయువును కనుగొనడం కన్నా తక్కువదేమీ కాదు.

ఆ మార్గానికి కొనసాగింపు, సూర్యుని పరిశీలించే భారత అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మోసుకెళ్లిన ఈ నౌక, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని లగ్రాంజ్ బిందువు చుట్టూ ఉండే కక్ష్యలో చేరింది. భూమి, సూర్యుల ఆకర్షణల మేళవింపు వల్ల అక్కడ నౌక భూమితో పాటే సూర్యుని చుట్టూ తిరుగుతుంది. అది పంపే సంకేతం ఐదు సెకన్లలో భూమిని చేరుతుంది. అందులోని వెల్క్ అనే పరికరం సూర్యబింబానికి అడ్డు కల్పించి, అంటే కృత్రిమ గ్రహణం పట్టించి, చుట్టూ ఉండే కరోనా, అంటే సూర్యుని వెలుపలి వాతావరణపు వెలుగును వర్ణపటంగా విడదీస్తుంది.

1868 గ్రహణాన్ని మచిలీపట్నంలో పరిశీలించిన నార్మన్ పాగ్సన్ అప్పటి మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి. ఆ అబ్జర్వేటరీయే కొడైకెనాల్ మీదుగా ఎదిగి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ అయింది. వెల్క్‌ను రూపొందించింది ఆ సంస్థే.