చాపకూడు - సమానత్వము



మనుష్యులందఱును సమానులనుట సత్యమా, లేక సంఘము తన మేలునకై కల్పించుకొన్న యాదర్శము మాత్రమా యని పెద్దలు తఱచుగా ప్రశ్నింతురు. ఒకడు బలవంతుడు, ఒకడు దుర్బలుడు; ఒకడు పండితుడు, ఒకడు పామరుడు. కంటికి కనబడు నీ భేదములను కాదనుట యెట్లు?

కాదనవలసిన పని లేదు. తర్కశాస్త్రమున 'జాతి' యనగా పెక్కు వ్యక్తులలో నొక్కటిగా నుండు ధర్మము. ఆవుల వన్నెలు వేఱైనను గోత్వ మొక్కటే. అట్లే మనుష్యులందఱియందును మనుష్యత్వ మొక్కటే. ఏకత్వమును దెలుపు నా మాటనే లోకము వేఱుచేయుటకు వాడుకొనెను. సమానత్వ మనగా అందఱు నొక్క తీరున నుండుట కాదు. మనుష్యత్వమున హెచ్చుతగ్గులు లేకుండుట. అది యున్నది. కాని యాచరణమున లేనిచో నుండియు లేనట్లే. ఇందులకు పలనాటి చరిత్రయే సాక్షి.

12వ శతాబ్దమున మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వీరగాథలు చెప్పుచున్నవి. అదియే చాపకూడు. మాలకులమున పుట్టిన కన్నమదాసును ఆతడు పుత్రునివలె పెంచి సేనానిని చేసెనట. ఆ పంక్తిలో కూర్చున్నవారికి సమానత్వము వట్టి యాదర్శము కాదు, విస్తరిలోని యన్నము. అయితే అది యొక్క నాయకుని యండపై నిలిచినది. కారెంపూడి రణమున వీరులు కూలిరి. ఆ చాప ఊరూర పఱవబడలేదు. ఒకని దయపై నిలిచిన ధర్మము వానితోనే సన్నగిల్లును.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము సమానత్వమును ఒకరి దయకు విడువక హక్కుగా నిలిపెను. 14వ అధికరణము చట్టము నెదుట అందఱును సమానులనెను. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసెను. దానిని పాటించువారికి శిక్ష విధించు చట్టము 1955లో వచ్చెను. అయినను, ఓటునందు సమానులమై సంఘమునందును సంపదయందును అసమానులముగా నుండబోవుచున్నామని అంబేద్కరు మహాశయుడు 1949 నవంబరు 25ననే రాజ్యాంగ సభలో హెచ్చరించెను.

ఏలయన, చట్టము బావికడ అడ్డగించినవానిని దండింపగలదు. పంక్తిలో కూర్చుండుమని పిలువజాలదు. ఆ పిలుపు గ్రామపెద్దల నోట రావలెను.

కారెంపూడిలో ఏటేట కార్తికమాసమున జరుగు వీరుల యుత్సవమున నేటికిని చాపకూడు పెట్టుదురు. ఏటికొకనాడు పఱచిన చాపను తక్కిన దినములలో చుట్టి మూలనుంచినచో సమానత్వ మాదర్శమే యగును. మన యింటి పెండ్లి పంక్తిలో, మన యూరి రచ్చకడ దానిని పఱచిననాడు అది సత్యమగును.