గడియారంలో ముడిపడిన పరమాణువులు

కణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకునే క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్‌ను చాలాకాలం సిద్ధాంత చర్చకే పరిమితమైన వింతగా చూశారు. దాన్ని కొలతకు పనిముట్టుగా మలచడంలో పరమాణు గడియారాల పరిశోధకులది పెద్ద పాత్ర. పరమాణువులు దేనికదిగా ఉంటే ప్రతిదాని ఫలితంలోనూ తప్పని ఊగిసలాట ఉంటుంది. అందుకే వంద పరమాణువులను కలిపి కొలిచినా అనిశ్చితి పదో వంతుకే తగ్గుతుంది. అవన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే, సిద్ధాంతం ప్రకారం నూరో వంతుకు తగ్గాలి. అమెరికాలోని బౌల్డర్‌లో డేవిడ్ వైన్‌లాండ్ బృందం 1990ల తొలినాళ్లలోనే ఈ దారి చూపింది. 2004లో మూడు బెరీలియం అయాన్లను ముడివేసి, మూడు విడి అయాన్లతో ఏ లోపమూ లేకుండా చేసిన ప్రయోగం ఇవ్వగలిగిన దానికి 1.45 రెట్ల సున్నితత్వం సాధించింది.

అయితే 1997లోనే సుసానా హుయెల్గా, ఆమె సహచరులు గట్టి అభ్యంతరం చెప్పారు. పూర్తిగా పెనవేసుకున్న స్థితి పరిసరాల అలజడికి అంతే వేగంగా చెదిరి, లాభాన్ని హరిస్తుందన్నారు. వాదన సరైనదే. కానీ అది కొట్టేసింది అత్యాశనే తప్ప ఆలోచనను కాదు. పాక్షికంగా పెనవేసిన స్థితులు అంత సులువుగా చెదరవు. అసలు పెనవేయడమెందుకు, పరమాణువుల సంఖ్యనే పెంచుకోవచ్చు కదా అనవచ్చు. కానీ కిక్కిరిస్తే అవి ఢీకొని, కొలవాల్సిన పౌనఃపున్యాన్నే మార్చేస్తాయి. 2020లో ఎంఐటీలో వ్లాడన్ వులెటిచ్ బృందం రెండు అద్దాల నడుమ సుమారు 350 యిటర్బియం పరమాణువులను నిలిపి, అటూ ఇటూ పరావర్తనమయ్యే కాంతితో వాటిని పాక్షికంగా పెనవేసింది. అదే కచ్చితత్వానికి పట్టే సమయం 2.8 రెట్లు తగ్గింది. సిద్ధాంతం ఆశపెట్టినదానికన్నా ఇది చిన్నదే. అయినా అభ్యంతరాలను తట్టుకుని నిలిచిన లాభం కాబట్టే దీనికి విలువ ఎక్కువ.