నమిలే చప్పుడు వింటేనే ఒళ్లు మండుతోందా? అది పొగరు కాదు.. మిసోఫోనియా కావచ్చు!

గద్వాల: జరీ చీరలకు పేరుపడ్డ గద్వాలలో మగ్గం మోత కొత్తేమీ కాదు. మగ్గం ఉన్న ఇళ్లలో పిల్లలు ఆ చప్పుడులోనే చదువుకుంటారు, నిద్రపోతారు. అయితే అంత మోతకు అలవాటు పడ్డ మనిషి కూడా పక్కవాళ్లు బొరుగులు నమిలితే, చాయ్ జుర్రుకుంటే తట్టుకోలేకపోవచ్చు. దీన్నే మిసోఫోనియా అంటారు. చప్పుడు ఎంత పెద్దదన్నది కాదు.. ఏ చప్పుడన్నదే ఇక్కడ సమస్య.

లక్షణాలివే..

నమలడం, గుటకలు వేయడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టకటకలాడించడం లాంటివి చెవిన పడగానే కోపం, అసహ్యం తన్నుకొస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. చాలామందిలో ఇది చిన్నతనంలోనో, టీనేజ్‌లోనో మొదలవుతుంది. తరచూ ఇంట్లోవాళ్ల చప్పుళ్లే ఎక్కువగా బాధిస్తాయి. అందుకే కలిసి తినాల్సిన చోటే గొడవలు మొదలవుతాయి.

ఎందుకిలా?

2001లో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దీనికి ఈ పేరు పెట్టారు. 2017లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ సమస్య ఉన్నవారి మెదడును స్కాన్ చేశారు. ఆ చప్పుళ్లు వినగానే భావోద్వేగాలకు సంబంధించిన ఇన్సులా భాగం అతిగా స్పందించినట్లు తేలింది. అంటే ఇది కావాలని చూపించే కోపం కాదు. అయితే డీఎస్ఎం-5, ఐసీడీ-11 జబ్బుల జాబితాల్లో దీనికి విడిగా చోటు లేదు.

ఏం చేయాలి?

• భోజనం వేళ ఫ్యాన్ గానీ, సన్నగా పాటలు గానీ పెట్టుకుంటే ఆ చప్పుడు కొంత మరుగున పడుతుంది.
• ఇయర్‌ప్లగ్స్ అవసరమైనప్పుడే వాడాలి. రోజంతా పెట్టుకుంటే చెవులు మరింత సున్నితం కావచ్చు.
• కోపంలో కాకుండా, నిమ్మళంగా ఉన్నప్పుడు ఇంట్లో చెప్పాలి. ‘నీది తప్పని కాదు, ఆ చప్పుడు నాకు పడదు’ అంటే ఎదుటివారు నొచ్చుకోరు.
• ఇంట్లోవాళ్లు కావాలని చప్పుడు చేసి ఆటపట్టించొద్దు. పిల్లలైతే తిట్టొద్దు. కాసేపు విడిగా తింటామంటే ఒప్పుకోవాలి.

డాక్టర్‌ దగ్గరికి ఎప్పుడు?

చదువు, పని, ఇంట్లో బంధాలు దెబ్బతింటుంటే ఆలస్యం చేయొద్దు. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో వినికిడి పరీక్ష, తర్వాత మానసిక వైద్యుల సలహా తీసుకోవాలి. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. కానీ సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతితో కొందరికి ఉపశమనం దొరుకుతోంది. పెద్దాసుపత్రి దాకా వెళ్లలేనివారు టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది 24 గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.