శుష్కాక్షిపాకము

ఆయుర్వేదమునఁ జెప్పఁబడిన నేత్రరోగములలో శుష్కాక్షిపాక మొకటి. సుశ్రుతుఁడు నేత్రరోగములను 76 గాను, వాగ్భటుఁడు 94 గాను గణించిరి. ఇరువురును దీనిని గంటినంతటిని వ్యాపించు సర్వగతరోగములలోఁ జేర్చిరి. పేరులోఁ బాకశబ్ద ముండుటచే నిదియుఁ గండ్లకలకవంటి స్రావరోగమే యని తలంచుట కవకాశము గలదు. అది సరిగాదని శబ్దమును లక్షణమును గూడఁ దెలుపుచున్నవి.

'శుష్' ధాతువుపై క్తప్రత్యయము రాఁగా, పాణినీయము 8-2-51 వ సూత్రముచేఁ దకారమునకుఁ గకారము వచ్చి 'శుష్క' మగును. ఎండిన దని యర్థము. సుశ్రుతుఁడు వాపు గల పాకమును, వాపు లేని పాకమును వేఱుగాఁ బేర్కొనియు దీనిని మరల వేఱుగాఁ జెప్పినాఁడు. కావున 'శుష్క' యను విశేషణము వ్యర్థము గాదు. తక్కిన పాకములనుండి దీనిని వేఱుపఱచుచున్నది.

ఱెప్పలు ముడుచుకొని గఱుకుగాఁ గఠినముగా నుండుట, చూపు మసకయగుట, కన్ను తెఱచుట మిక్కిలి కష్టమగుట సుశ్రుతోక్తలక్షణములు. ఒరపిడియుఁ, బోటును, చల్లదనముపైఁ గోరికయు వాగ్భటుఁడు చెప్పెను. సుశ్రుతుఁడు దీనిని వాతజ మనఁగా వాగ్భటుఁడు వాతపిత్తజ మనెను. చల్లదనమును గోరుట పిత్తము నంగీకరించుటకుఁ దగియున్నది.

చికిత్సయు శోషణమునకుఁ బ్రతికూలమైనదే. నేయి త్రావుట, సైంధవము చేర్చిన చల్లని పాలతోఁ గన్నులు తడుపుట, నేత్రతర్పణము విహితములు. తర్పణమునకు గాలి, యెండ, దుమ్ము లేని యింట రోగిని వెలికిలఁ బరుండఁబెట్టి, మినుపపిండితోఁ గంటిచుట్టును గట్టు గట్టి, ఱెప్పవెండ్రుకలు మునుఁగునట్లు నేయి నింపవలెను. వాతరోగమునం దది 1000 మాత్రల కాలము నిలుపవలె నని యిరువురి మతము. ఛందోవ్యాకరణములలో నుచ్చారణమును గొలుచు మాత్రయే యిట వైద్యునకు గడియారమైనది! పిదప నగ్నిని, గాలిని, ఆకాశమును, అద్దమును, మెఱయు వస్తువులను జూడరాదని నిషేధము. వెలుతురు కంటికిఁ గలిగించు బాధ నా వైద్యు లెఱుఁగుదు రనుట కిదియే సాక్ష్యము.

పాశ్చాత్యులలో షిర్మరు 1903 లోఁ గ్రింది ఱెప్పకుఁ గాగితపుఁబట్టి తగిలించి కన్నీటిని గొలిచెను. 1933 లో స్వీడను దేశపు వైద్యుఁడు షోగ్రెను తన గ్రంథమున వర్ణించిన శుష్కనేత్రరోగమునకుఁ గల 'సిక్కా' యను లాటిను విశేషణమునకును ఎండిన దనియే యర్థము. శబ్దములు వేఱు, అర్థ మొక్కటి.

అయినను రెండును సర్వాత్మనా యొకటే యనరాదు. ప్రాచీనులు లక్షణములను బట్టి రోగమును నిర్ణయించిరి, కన్నీటిని గొలువలేదు. లక్షణసామ్యమును జూచి యింటి నేతిని, పాలను గంటఁ బోసికొనుటయుఁ దగదు. శుద్ధి చేయని ద్రవ్యమువలన సూక్ష్మజీవులు సోఁకి కన్నునకే హాని గలుగవచ్చును. స్రావరోగమునుండి శుష్కరోగమును వేఱుపఱచి, దానికిఁ దగిన పేరు పెట్టుటయే ప్రాచీనుల ఘనత. ఆ పేరును సరిగాఁ జదువుట మన పని.