పిల్లలలో ఆహార అలర్జీ నిర్ధారణ: చారిత్రక పరిణామం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• 'అలర్జీ' అనే భావన ఎప్పుడు, ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• చర్మ పరీక్ష, రక్త పరీక్ష, తినిపించి చూసే పరీక్ష ఏ అవసరం నుంచి పుట్టాయో చెప్పగలుగుతారు.
• పరీక్షలో కనిపించే గుర్తుకూ, అసలు వ్యాధికీ మధ్యగల తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఏడాది బిడ్డకు మొదటిసారి గుడ్డు తినిపించారనుకోండి. కొద్దిసేపటికే ముఖమంతా దద్దుర్లు లేచాయి. కారణం గుడ్డేనా? ఆ రోజు వేసిన మందా? ఏదైనా పురుగు కుట్టిందా? బిడ్డ చెప్పలేడు. అలర్జీ ఉన్నా లేదని చెబితే, మరోసారి తిన్నప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. లేని అలర్జీని ఉందని చెబితే, ఎదిగే వయసులో పాలు, గుడ్లు, పప్పులు ఏళ్ల తరబడి ఆ బిడ్డకు దూరమవుతాయి. ఈ రెండు పొరపాట్లకూ తావులేని పద్ధతి కోసం వైద్యులు నూరేళ్లకు పైగా చేసిన అన్వేషణే ఈ పాఠ్యాంశం.

2. 'అలర్జీ' అనే భావన

1902లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ పోర్టియర్, చార్లెస్ రిషే ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించారు. కొన్ని వారాల తరువాత అతి తక్కువ మోతాదు రెండోసారి ఇచ్చినప్పుడు, తట్టుకోవలసిన కుక్క నిమిషాల్లో మరణించింది. ఈ స్థితికి వారు 'అనాఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. ఈ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే మరొక దారిలో ఇదే విషయానికి చేరుకున్నాడు. అంటువ్యాధులకు గుర్రపు రక్తరసి ఎక్కించిన పిల్లల్లో కొందరికి జ్వరం, దద్దుర్లు రావడం, రెండోసారి ఎక్కిస్తే అవి మరింత త్వరగా రావడం ఆయన, సహచరుడు బేలా షిక్ గమనించారు. 1906లో పిర్కే 'అలర్జీ' అనే పదాన్ని ప్రతిపాదించాడు. మారిన ప్రతిస్పందన అని దాని భావం. దోషం పదార్థంలో లేదు, దానికి శరీరం స్పందించే తీరులో ఉంది అన్నదే ఇందులోని కొత్తదనం. గుడ్డు అందరికీ ఆహారమే, ఒక బిడ్డకు మాత్రం ప్రమాదం ఎందుకవుతుందో వివరించడానికి ఈ భావన వీలు కల్పించింది.

3. చర్మమే సాక్షి

1908లో ఇంగ్లండ్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ గుడ్డు పడని 13 ఏళ్ల బాలుడి గురించి రాశాడు. అతి స్వల్పంగా గుడ్డు కలిపిన మాత్రలతో మొదలుపెట్టి, మోతాదు క్రమంగా పెంచి, చివరకు ఆ బాలుడు గుడ్డు తినగలిగేలా చేశాడు. ఇక్కడ నిర్ధారణకు ఆధారం తిన్నప్పుడల్లా ఏం జరిగిందన్న చరిత్ర ఒక్కటే.

ఆ చరిత్రకు తోడుగా ఒక పరీక్షను చేర్చినవాడు న్యూయార్క్ పిల్లల వైద్యుడు ఆస్కార్ ష్లాస్. చర్మాన్ని గీరి పుప్పొడి రాసి చూసే పద్ధతిని అంతకుముందే, 1873 నాటికి, ఇంగ్లండ్‌లో చార్లెస్ బ్లాక్లీ తన మీద తానే ప్రయోగించుకున్నాడు. ష్లాస్ దానిని ఆహారానికి వర్తింపజేశాడు. 1912లో ఆయన ప్రచురించిన వివరాల ప్రకారం, 8 ఏళ్ల బాలుడి చర్మంపై గుడ్డు, బాదం, ఓట్స్ పరీక్షించిన చోట దద్దు లేచింది.

చర్మం ఎందుకు స్పందిస్తోంది? 1921లో జర్మనీలో కార్ల్ ప్రౌస్‌నిట్జ్, హైంజ్ కుస్ట్‌నర్ దీనికి జవాబు వెతికారు. కుస్ట్‌నర్‌కు చేప పడదు. ఆయన రక్తరసిని ప్రౌస్‌నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నాడు. చేప అలర్జీ లేని ఆయన చర్మంపై దద్దు లేచింది. అలర్జీని మోసే అంశమేదో రక్తంలోనే ఉందని దీనితో తేలింది.

4. మాన్పించి చూడటం

చర్మ పరీక్షలో దద్దు లేచినా, ఆ ఆహారం తిని హాయిగా ఉండే పిల్లలు చాలామంది కనిపించారు. పరీక్షలో ఏమీ తేలకపోయినా తిన్నప్పుడు బాధపడేవారూ ఉన్నారు. అందుచేత కాలిఫోర్నియా వైద్యుడు ఆల్బర్ట్ రో 1920ల నుంచి 'తొలగింపు ఆహారాల' పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అనుమానమున్న ఆహారాలను కొంతకాలం మాన్పించి, లక్షణాలు తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చి చూడటం ఇందులోని సూత్రం.

ఈ పద్ధతిలో ఒక లోపముంది. తల్లిదండ్రులకూ వైద్యుడికీ ఏం తినిపిస్తున్నారో ముందే తెలుసు. భయం ఉన్నచోట ప్రతి చిన్న మచ్చా దద్దుగానే కనిపిస్తుంది.

5. ఐజీఈ ఆవిష్కరణ

రక్తంలోని ఆ అంశమేమిటో 1960లలో తెలిసింది. అమెరికాలో ఇషిజాకా దంపతులు 1966లో, స్వీడన్‌లో జోహాన్సన్, బెన్నిచ్ 1967లో వేర్వేరుగా దానిని గుర్తించారు. 1968లో దానికి 'ఐజీఈ' అనే పేరు స్థిరపడింది. ఒక్కొక్క ఆహారానికి ప్రత్యేకమైన ఐజీఈని కొలిచే రక్త పరీక్ష కూడా 1967లోనే వచ్చింది. బిడ్డను ప్రమాదంలోకి నెట్టకుండానే సమాధానం దొరుకుతుందన్న ఆశ కలిగింది.

అయితే పాత ప్రశ్న కొత్త రూపంలో నిలిచే ఉంది. ఐజీఈ ఉండటమంటే శరీరం ఆ ఆహారాన్ని 'గుర్తు పెట్టుకుంది' అని మాత్రమే అర్థం. దీనిని సున్నితత్వం అంటారు. తిన్నప్పుడు లక్షణాలు కూడా వస్తేనే అది అలర్జీ. ఈ తేడాను మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

6. ఎవరికీ తెలియకుండా తినిపించే పరీక్ష

1976లో అమెరికాలోని డెన్వర్‌లో చార్లెస్ మే, ఉబ్బసమున్న పిల్లలకు అనుమానిత ఆహారాన్నీ, ఉత్తుత్తి పదార్థాన్నీ వేర్వేరుగా ఇచ్చి చూశాడు. ఏది ఏదో బిడ్డకూ తెలియదు, గమనించేవారికీ తెలియదు. ఈ పద్ధతే నేటికీ అత్యున్నత ప్రమాణం. తీవ్రమైన ప్రతిస్పందన రావచ్చు కాబట్టి దీనిని అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని, ఆసుపత్రిలో వైద్యుల సమక్షంలోనే చేయాలి. ఇంట్లో ప్రయత్నించరాదు.

హ్యూ సాంప్సన్ 2001లో ఈ పరీక్ష ఫలితాలను రక్త పరీక్షతో పోల్చాడు. ఐజీఈ ఒక స్థాయి (లీటరుకు గుడ్డుకు 7, వేరుశనగకు 14, పాలకు 15 కిలోయూనిట్లు) దాటితే అలర్జీ ఉండే అవకాశం సుమారు 95 శాతమని చూపాడు. అలాంటి పిల్లలకు తినిపించి చూడవలసిన అవసరం తగ్గింది.

రెండో పొరపాటు ఎంత పెద్దదో 2011లో డెన్వర్ నుంచే వెలువడిన అధ్యయనం చూపింది. ఎక్కువగా చర్మ, రక్త పరీక్షల ఆధారంగా ఆహారాలు మాన్పించిన 125 మంది పిల్లలకు 364 సార్లు తినిపించి చూడగా, 89 శాతం పరీక్షల్లో ఏ ప్రతిస్పందనా రాలేదు.

మాన్పించడం వల్ల మరో నష్టమూ ఉంది. 2015లో లండన్ నుంచి వెలువడిన అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలను పరిశీలించారు. వేరుశనగ మానిన వారిలో 17.2 శాతం మందికి, క్రమంగా తిన్నవారిలో 3.2 శాతం మందికే అయిదేళ్ల వయసుకు ఆ అలర్జీ ఉంది.

7. మనదేశ అనుభవం

బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దలపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో 26.5 శాతం మందికి ఏదో ఒక ఆహారంపై ఐజీఈ కనిపించింది. ఆహార అలర్జీ ఉండే అవకాశమున్నవారు మాత్రం 1.2 శాతమే. ఇప్పుడు మన పట్టణాల్లోనూ పదుల కొద్దీ ఆహారాలను ఒకేసారి చూసే రక్త పరీక్షలు సులభంగా దొరుకుతున్నాయి. లక్షణాలేవీ లేని బిడ్డకు అలాంటి పరీక్ష చేయించి, వచ్చిన జాబితా ప్రకారం పప్పు, పాలు మాన్పిస్తే ఏమవుతుందో పై అంకెలను బట్టి మీరే ఊహించవచ్చు. ఇక ఐజీజీని కొలిచే పరీక్షలు అలర్జీ నిర్ధారణకు పనికిరావు. ఆహారం తిన్న ఎవరిలోనైనా అది ఉండవచ్చు.

8. సారాంశం

పిర్కే భావనను, ష్లాస్ చర్మ పరీక్షను, ఇషిజాకా, జోహాన్సన్ బృందాలు ఐజీఈని, మే కచ్చితమైన ఆహార పరీక్షను అందించారు. కొత్త పరీక్ష వచ్చినా పాతది రద్దు కాలేదు. ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అన్న తల్లి మాటతోనే నేటికీ నిర్ధారణ మొదలవుతుంది. ఆ మాట లేవనెత్తిన అనుమానాన్ని పరీక్షలు బలపరుస్తాయి లేదా తొలగిస్తాయి. అనుమానమే లేనిచోట పరీక్ష ఫలితం ఒక్కటే వ్యాధిని నిర్ధారించదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పిర్కే ప్రతిపాదించిన 'అలర్జీ' భావనలోని కొత్తదనం ఏమిటి?
2. సున్నితత్వానికీ, అలర్జీకీ గల తేడాను ఒక ఉదాహరణతో వివరించండి.
3. తినిపించి చూసే పరీక్షలో విషయాన్ని ఇరువైపులా రహస్యంగా ఉంచడం ఎందుకు అవసరం?